పసిపాదాలకు జోళ్ళు

ఈ నెల నా తప్పు ఒకటి మీ ముందు చెప్పుకొంటాను.

మా మనుమరాలికి సంవత్సరం నిండింది. కొత్తగా తాతనైనవాణ్ణి, ఊరకుండగలనా? ఆఫీసు నుంచి వస్తూ బళ్ళారి బజారులో 450 రూపాయలు పోసి ఎర్రని జోళ్ళు కొన్నాను. అడుగడుగునా కీచుకీచుమంటవి. అంగడివాడు "తుంబా చెన్నాగిదె" అన్నాడు. నేనూ మురిసిపోయినాను.

పది రోజులుగా గోడ పట్టుకొని అడుగులు వేస్తున్న పిల్ల, జోళ్ళు తొడిగిన గంటకే కూలబడింది. నిలబెడితే ఏడుపు. మొండితనమనుకొన్నాము. సాయంత్రం మా అమ్మ విప్పి చూచేసరికి, జోడు కరిచి మడమ బొబ్బ లేచింది. వేళ్ళు ఒకదానిపై ఒకటి ఎక్కి ఉన్నవి.

"నోరులేని బిడ్డకు సంకెళ్ళు వేసినావు గదరా నాయనా!" అన్నది. తల ఎత్తలేకపోయినాను.

తరువాత డాక్టరుగారిని అడిగి తెలుసుకొన్నాను. పసిబిడ్డ పాదంలో ఎముకలు చాలావరకు ఇంకా గట్టిపడవు. బిగువు జోడు నొక్కినట్లే ఒదుగుతవి. అరికాలు చదునుగా కనబడితే బెంగ వద్దు. అక్కడ కొవ్వు ఉంటుంది, వంపు కొన్నేండ్లకు గాని తేలదు. వట్టికాళ్ళతో నేలను తాకుతూ, వేళ్ళతో పట్టు తెచ్చుకొంటూ బిడ్డ నిలకడ నేర్చుకొంటుంది.

మన కర్ణాటకలోని మణిపాల్ వైద్యులు 4 నుంచి 13 ఏండ్ల పిల్లలు 2300 మంది పాదముద్రలు పరిశీలించి 1992లో ఫలితాలు ప్రకటించినారు. పాదరక్షలు వాడే పిల్లలలో నూటికి 8.6 మందికి, వాడనివారిలో 2.8 మందికి చదును పాదాలున్నవట. వేళ్ళు మూసే బూట్లు తొడిగేవారిలో ఇది మరీ ఎక్కువ.

అట్లని ఎండలోనికీ, ముళ్ళలోనికీ వట్టికాళ్ళతో పంపమని కాదు. ఇంటిలో జోళ్ళు వద్దు. నడక వచ్చిన బిడ్డకు బయటకు వెళ్ళేటప్పుడు తొడగండి. అడుగు చేతితో వంచితే వంగాలి, బరువుండరాదు. బిడ్డను నిలబెట్టి చూస్తే వేళ్ళ ముందు బొటనవ్రేలి వెడల్పు ఖాళీ ఉండాలి. పసిపాదం త్వరగా పెరుగుతుంది గనుక రెండు నెలలకొకమారు మళ్ళీ చూడండి. అన్న జోళ్ళు మిగిలినవని తమ్ముడికి తొడగవద్దు. అవి అన్న పాదానికి అరిగి ఉంటవి.

బొబ్బ మానిన నాలుగవ రోజున మా పాప ముత్తవ్వ వేలు వదలి వసారాలో ఐదడుగులు వేసింది. వట్టికాళ్ళతోనే.