వారధులం కాదు, వారసులం

రుద్రమదేవి పేరెత్తితే చాలు, మన పెద్దలకు ఛాతీ ఉప్పొంగుతుంది. ఏడున్నర వందల యేళ్ళ కిందటే ఆడదాన్ని గద్దె ఎక్కించిన జాతి మాది అంటారు. మార్చి 8న మన చేతికి మైకు ఇచ్చేముందు తప్పకుండా అంటారు. అదే పెద్దలు ఇంటికెళ్ళి కూతురితో, "కట్నం ఇచ్చాం కదమ్మా, ఇంకా పొలంలో వాటా ఏమిటి?" అంటారు. ఈ రెండు మాటలూ ఒకే నోటినుంచి ఎలా వస్తున్నాయో మనం తేల్చుకోవాలి.

ఆ రాజకుమార్తెల కథ మన నేలమీదే జరిగింది. రేపల్లె వైపున్న చందోలు వెలనాటి చోడుల రాజధాని. 13వ శతాబ్దం మొదట్లో గణపతిదేవుడు ఈ సీమను లోబరచుకున్నాడు. దివిసీమలోని అయ్య వంశంతో రాజీ ఎలా కుదిరింది? ఆ ఇంటి ఆడపిల్లలు నారమ్మ, పేరమ్మ ఇద్దరినీ ఆయన పెళ్ళాడాడు. వాళ్ళ తోబుట్టువు జాయప కాకతీయుల గజసేనకు అధిపతి అయ్యాడు, 'నృత్తరత్నావళి' రాశాడు. తెనాలికి దగ్గర్లోని చేబ్రోలులో ఆయన శాసనం ఈ పెళ్ళి సంగతి చెబుతుంది. ఆ అక్కచెల్లెళ్ళు ఏమనుకున్నారో చెప్పదు. ఒకే ఇంటి బిడ్డల్లో మగవాడికి పదవి, ఆడవాళ్ళకు అత్తిల్లు!

గణపతిదేవుడు తన కూతుళ్ళనూ అలాగే వాడుకున్నాడు. గణపాంబను ధరణికోట నేలే కోట వంశపు బేతరాజుకిచ్చాడు. రుద్రమను నిడదవోలు చాళుక్య వీరభద్రుడికిచ్చాడు. ఇద్దరు కూతుళ్ళతో రెండు వంశాలు కట్టుబడ్డాయి. భర్త పోయాక గణపాంబే రాజ్యం చూసుకుంది. ఆమె గుళ్ళు కట్టించిన సంగతి యనమదల శాసనంలో ఉంది. ఒకటి భర్త పేర, ఒకటి తండ్రి పేర! కట్టించింది ఆమె, పేరు నిలిచింది వాళ్ళది.

ఇక రుద్రమ. కొడుకులు లేరు గనక తండ్రి ఆమెకు పట్టం కట్టాడు. కట్టినా 'రుద్రదేవ మహారాజు' అనే మగపేరు తొడిగాడు. ఆమె గణపతిదేవుని కూతురని 1261 నాటి మల్కాపురం శాసనం స్పష్టంగా చెబుతోంది. అయినా మన చినగంజాం దగ్గరి మోటుపల్లి రేవు గురించి రాసిన మార్కోపోలో, ఆమెను చనిపోయిన రాజు భార్య అనే రాశాడు. కూతురికి గద్దె దక్కుతుందని ఆ యాత్రికుడి ఊహకే అందలేదు కాబోలు. రుద్రమకూ ఆడపిల్లలే. వారసత్వం మాత్రం కూతురు ముమ్మడమ్మకు రాలేదు, ఆమె కొడుకు ప్రతాపరుద్రుడికి వెళ్ళింది. ఆడది ఒక్కసారి గద్దెనెక్కితే నియమం మారిపోదు.

ఇది మన ఒక్కరి జాడ్యం కాదు. 1837లో విక్టోరియా ఇంగ్లండుకు రాణి అయింది. అదే రాజు ఏలుబడిలో ఉన్న జర్మనీలోని హనోవర్ మాత్రం ఆడదనే కారణంతో ఆమెకు దక్కలేదు. పినతండ్రికి పోయింది. తర్వాత ఆమె పెద్దకూతుర్ని 1858లో ప్రష్యా రాకుమారుడికిచ్చారు. రెండు దేశాల మైత్రికి ఆ పిల్ల వారధి అన్నారు. 1914లో ఆ పిల్ల కొడుకే జర్మనీ చక్రవర్తి, ఇంగ్లండుతో యుద్ధం! ఆడపిల్లను ఇచ్చి కొన్న మైత్రి ఆ పాటిది.

రాజుల గొడవ మనకెందుకంటారా? మన ఇళ్ళలో జరిగేదీ అదే. పొలం బయటికి పోకూడదని మేనరికం, వ్యాపారం కలిసొస్తుందని వియ్యం. పంపకాల నాడు మాత్రం ఆడపిల్ల పరాయిది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమాన హక్కు ఉందని మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళయినవాళ్ళను మాత్రం బయట నిలబెట్టింది. 2005లో కేంద్ర చట్టం ఆ అడ్డు తీసేసింది. ఆ చట్టం వచ్చేనాటికి తండ్రి బతికి ఉండాలన్న వాదన చెల్లదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

చట్టం గడప దాకా వచ్చింది, లోపలికి రానిచ్చేవాళ్ళు లేరు. అక్కచెల్లెళ్ళకు చీరలు పెట్టి, కారెక్కించి, రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్ళి, హక్కు వదులుకున్నట్టు సంతకాలు చేయించుకునే అన్నదమ్ములు ఎందరు లేరు? కాదంటే "పుట్టింటి గడప తొక్కవద్దు" అనే బెదిరింపు. సంతకం పెడితేనే నిలిచేది బంధమా, బేరమా?

సెంటు భూమి లేని కూలి అక్కలకు ఇందులో ఏముందని కొందరు వెక్కిరిస్తారు. వాళ్ళకు ఉన్నది ఒక ఇంటి స్థలమైనా, ఆ కాగితం మీద ఎవరి పేరుందో అడగడం ఈ పోరాటంలో భాగమే.

అందుకే చెబుతున్నాం. చదవని కాగితం మీద సంతకం పెట్టొద్దు. చదివాక కూడా, నలుగురు ఆడవాళ్ళతో మాట్లాడకుండా పెట్టొద్దు. రుద్రమకు విగ్రహాలు పెట్టేవాళ్ళను ఒక్కటే అడుగుదాం: మీ పొలంలో మీ కూతురి వాటా ఎంత?