యాదికీ నిద్ర కావాలి

2020 మే 4న సూరత్ జిల్లా పల్సానా తాలూకాలోని వరేలీ గ్రామంలో ఏం జరిగిందని నలుగురిని అడిగి చూడండి. నాలుగు కథలు వినాల్సి రావచ్చు. పత్రికలకెక్కిన సంగతి క్లుప్తమే. లాక్‌డౌన్‌తో పనులు ఆగిపోయాయి, సొంతూళ్లకు పంపమంటూ వలస కార్మికులు రోడ్డెక్కారు, పోలీసులతో ఘర్షణ జరిగింది, రాళ్లు పడ్డాయి, బాష్పవాయువు ప్రయోగించారు. తొలి రాయి ఎటునుంచి వచ్చింది, ఆ క్షణంలో పక్కన ఎవరున్నారు, ఎటు పరిగెత్తారు అన్నవి మాత్రం చెప్పేవాళ్ల మెదళ్లలోనే ఉంటాయి. అవి ఒకదానితో ఒకటి పొసగకపోతే ఎవరో అబద్ధం చెబుతున్నారనుకోవడం తొందరపాటు.

అంత పెద్ద సంఘటనను ఎలా మరిచిపోతారు అంటారా? 1986 జనవరిలో అమెరికా వ్యోమనౌక చాలెంజర్ గాలిలోనే పేలిపోయింది. ఆ మర్నాడే ఉల్రిక్ నైసర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విశ్వవిద్యాలయ విద్యార్థులకు కాగితాలు పంచి, ఆ వార్త విన్నప్పుడు మీరెక్కడున్నారు, ఎవరు చెప్పారు, ఏం చేస్తున్నారు అని రాయించారు. రెండున్నరేళ్ల తర్వాత వారిలో 44 మందిని మళ్లీ అవే ప్రశ్నలు అడిగారు. నాలుగోవంతు మంది ఏ ఒక్క ముఖ్యాంశాన్నీ సరిగ్గా చెప్పలేకపోయారు. అయినా తాము చెప్పేది నిజమని చాలామందికి గట్టి నమ్మకం. వారి సొంత చేతిరాత తీసి ముందు పెట్టినా అసలు జ్ఞాపకం తిరిగి రాలేదు. ఎంత ధీమాగా చెబుతున్నారన్నది నిజానికి కొలమానం కాదని పోలీసులకూ న్యాయవాదులకూ, ఆ మాటకొస్తే మా విలేకరులకూ ఈ ప్రయోగం ఒక హెచ్చరిక.

జ్ఞాపకమంటే బీరువాలో దాచిన ఫొటో అని మనం అనుకుంటాం. మెదడు అలా పనిచేయదు. ఒక సంఘటన తాలూకు దృశ్యం ఒకచోట, శబ్దం మరోచోట, భయం ఇంకోచోట నమోదవుతాయి. గుర్తు చేసుకున్న ప్రతిసారీ మెదడు ఈ ముక్కలను పోగుచేసి మళ్లీ కూర్చుకుంటుంది. ఆ కూర్పులో నిన్న టీవీలో చూసిందీ, పొరుగింటాయన చెప్పిందీ తెలియకుండానే కలిసిపోతాయి. తెలంగాణలో జ్ఞాపకాన్ని 'యాది' అంటారు. గుజరాతీలోనూ 'యాద్' అంటే జ్ఞాపకమే, 'యాదీ' అంటే మాత్రం జాబితా. శాస్త్రవేత్తల మాట నమ్మితే యాది దేనికైనా పోలిక కావచ్చు గానీ జాబితాకు కాదు.

ఈ చర్చకు పల్సానా ఎందుకంటే, జ్ఞాపకాన్ని నిలబెట్టేవీ దెబ్బతీసేవీ కూడా ఇక్కడి బతుకుల్లో కలిసే ఉన్నాయి. ముంబై-అహ్మదాబాద్ జాతీయ రహదారి మీదున్న ఈ తాలూకాలో, పక్కనే కడోదరాలో, వస్త్ర పరిశ్రమదే రాజ్యం. అద్దకం, ప్రింటింగ్ మిల్లులు, మరమగ్గాల షెడ్లు. ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహార్ కూలీలు ఎక్కువ. వీరందరికంటే ముందో వెనకో ఉమ్మడి కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి వచ్చిన చేనేత కుటుంబాలు సూరత్ నగరంలో, ముఖ్యంగా లింబాయత్ ప్రాంతంలో, తరాలుగా స్థిరపడ్డాయి. ఊళ్లో మగ్గం ఆగిపోతే సూరత్ రైలెక్కడం ఆ జిల్లాల్లో పాత అలవాటే.

సిరిసిల్లలో సాంచాలు నడిపినవాడు సూరత్ షెడ్డులో అడుగుపెడితే భాష రాదు, దారి తెలియదు. కానీ పోగు తెగిన చప్పుడు, కాదు, చప్పుడులో వచ్చిన తేడా చెవిన పడగానే చెయ్యి దానంతట అదే ముడి మీదికి వెళుతుంది. ఎలా వేశావని అడిగితే చెప్పలేడు. ఇది కూడా జ్ఞాపకమే, కాకపోతే వేరే రకం.

ఈ రెండు రకాలూ వేరని లోకానికి తెలిసింది ఒక మనిషి దురదృష్టం వల్ల. 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ల యువకుడికి మూర్ఛ తగ్గించడానికి మెదడుకు శస్త్రచికిత్స చేశారు. రెండు వైపులా కణతల లోపలుండే హిప్పోకాంపస్‌లో పెద్ద భాగాన్ని తొలగించారు. మూర్ఛ తగ్గింది. దాంతోపాటు కొత్త జ్ఞాపకం పుట్టే శక్తీ పోయింది. చిన్నతనం గుర్తుంది, ఇప్పుడే పరిచయమైన డాక్టరు గుర్తులేడు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయనకో పని అప్పగించారు. తన చేతిని నేరుగా కాక అద్దంలో మాత్రమే చూసుకుంటూ నక్షత్రం బొమ్మ అంచుల మధ్య గీత గీయాలి. మూడు రోజుల్లో ఆయన చెయ్యి బాగా తిరిగింది. కానీ అంతకు ముందెప్పుడూ ఆ పని చేసినట్టు ఆయనకు గుర్తే లేదు. మనసు మరిచినదాన్ని చెయ్యి మరవలేదన్నమాట. చేతిపనుల జ్ఞాపకం హిప్పోకాంపస్ మీద ఆధారపడదనీ, దానికి మెదడు అడుగు భాగాలు, చిన్నమెదడు వేరే ఏర్పాటు చేసుకుంటాయనీ తేలింది. 2008 డిసెంబరులో, తన 82వ ఏట చనిపోయేదాకా మొలైసన్ శాస్త్ర గ్రంథాల్లో రెండక్షరాల మారుపేరుతోనే మిగిలారు.

సంఘటనల జ్ఞాపకానికి మాత్రం హిప్పోకాంపస్ లేనిదే పొద్దు గడవదు. అనుభవం ఏదైనా ముందు అక్కడ నమోదు కావలసిందే. నమోదు కావడమంటే నాడీకణాల మధ్య అతుకులు బలపడటం. ఎరిక్ కాండెల్ ఈ రహస్యాన్ని మనుషుల్లో కాదు, అప్లీసియా అనే సముద్రపు నత్తలో ఛేదించారు. దాని నాడీకణాలు పెద్దవి, సంఖ్యలో తక్కువ. కాసేపటి జ్ఞాపకానికి ఉన్న అతుకుల్లో రసాయన మార్పు చాలు. రోజుల తరబడి నిలవాలంటే కణం కొత్త ప్రొటీన్లు తయారుచేసి, కొత్త అతుకులు వేసుకోవాలి. ఈ పరిశోధనకు ఆయన 2000లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. అంటే జ్ఞాపకం గాలిలో మాట కాదు, ఒంట్లో జరిగే నిర్మాణం. నిర్మాణమన్నాక సమయం కావాలి.

ఆ సమయం ఎక్కువగా దొరికేది నిద్రలోనే. మాథ్యూ విల్సన్, బ్రూస్ మెక్‌నాటన్ 1994లో ఎలుకల మీద చేసిన పరిశోధన ఈ విషయంలో మైలురాయి. పగలు తిరిగిన దారిలో కలిసి స్పందించిన హిప్పోకాంపస్ కణాలే, ఆ ఎలుక పడుకున్నాక నిద్రలోనూ కలిసి స్పందించాయి. పగటి పాఠాన్ని మెదడు రాత్రి వల్లె వేసుకుంటోంది. గాఢనిద్రలో ఈ వల్లెవేత ద్వారానే హిప్పోకాంపస్‌లోని తాజా అనుభవం మెల్లగా పైపొరల్లోకి చేరి స్థిరపడుతుందని ఇప్పుడు చాలామంది శాస్త్రవేత్తలు ఒప్పుకుంటున్నారు. (తెల్లవారుజామున లేపి, అర్ధరాత్రి దాకా చదివించే మన రెండు రాష్ట్రాల రెసిడెన్షియల్ కాలేజీల యాజమాన్యాలు ఈ మాట వినడానికి ఇష్టపడవు. పిల్లల చేత వేయించే బట్టీలో సగం పని నిద్రది, ఆ నిద్రనే కోసి స్టడీ అవర్లకు కలుపుతున్నారు.)

ఇక సూరత్ మరమగ్గాల సంగతి. అక్కడ పన్నెండు గంటల షిఫ్టు మామూలు. ఒకే గది, ఒకే చాప. పగటి షిఫ్టువాడు లేచి వెళితే రాత్రి షిఫ్టువాడు వచ్చి అదే చాప మీద నడుం వాలుస్తాడు. పగలు రేకుల గదిలో ఎండ, బయట చప్పుడు. పడుకున్నాడంటే పడుకున్నట్టే గానీ, మెదడుకు కావలసిన గాఢనిద్ర అందులో ఎంతో లెక్కపెట్టేవారు లేరు. కూలి లెక్క మీటర్లలో, నష్టం లెక్క వేళ్లు తెగితేనో చెవులు పోతేనో. మతిమరుపు ఏ ప్రమాద రిజిస్టరులోనూ ఎక్కదు.

ఈ నష్టాన్ని లెక్కగట్టిన అధ్యయనం ఫ్రాన్స్‌లో ఉంది. దక్షిణ ఫ్రాన్స్‌లో మూడు వేలమందికి పైగా ఉద్యోగులను ఏళ్ల తరబడి పరీక్షించి, జాన్-క్లాడ్ మార్కీ బృందం 2014లో ఫలితాలు వెల్లడించింది. పదేళ్లకు మించి మారుతుండే షిఫ్టుల్లో పనిచేసినవారి జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి పరీక్షల్లో కనిపించిన తగ్గుదల, వయసు పరంగా ఆరున్నరేళ్లు ముదిరినదానితో సమానం. షిఫ్టులు మానేశాక కోలుకున్నారు, కానీ అందుకు కనీసం ఐదేళ్లు పట్టింది. ఫ్రాన్స్‌లో షిఫ్టు ఉద్యోగికి వారాంతపు సెలవు, పని గంటల చట్టం, కంపెనీ డాక్టరు ఉంటారు. పల్సానా, కడోదరా కార్మికుల మీద అలాంటి దీర్ఘకాలిక అధ్యయనమే జరిగితే అంకెలు ఇంతకంటే మెరుగ్గా వస్తాయని ఆశించడానికి కారణం కనిపించదు.

అయితే ఈ వలస బతుకే మెదడుకు తెలియకుండా మరో మేలు చేస్తూ ఉండవచ్చు. ఆ సంగతి బయటపడింది మన హైదరాబాద్‌లోనే. నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ, అంటే నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి నేతృత్వంలోని బృందం, చిత్తవైకల్యం లేదా డిమెన్షియాతో వచ్చిన 648 మంది రోగుల వివరాలు పరిశీలించింది. అందులో 391 మంది రెండు లేదా అంతకు మించి భాషలు మాట్లాడేవారు. ఒకే భాష తెలిసినవారితో పోలిస్తే వీరికి జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. 2013లో 'న్యూరాలజీ' పత్రికలో వచ్చిన ఈ ఫలితం ప్రపంచమంతా చర్చకు దారితీసింది. కారణముంది. అంతకు ముందు కెనడాలోని టొరంటోలో ఇలాంటి తేడా కనిపించినప్పుడు, రెండు భాషలవారిలో చాలామంది వలస వచ్చినవారు కదా, ఆ మేలు భాషదా, వలసదా, చదువుదా అని పెదవి విరిచినవారున్నారు. హైదరాబాద్‌లో తెలుగు, ఉర్దూ మాట్లాడటానికి ఎవరూ సముద్రాలు దాటనక్కర్లేదు, బజారుకు వెళితే చాలు. బడి ముఖం చూడనివారిలోనూ ఈ తేడా కనిపించింది, పైగా వారిలో అది ఆరేళ్లు. రెండు దాటి మూడు, నాలుగు భాషలు వచ్చినంత మాత్రాన అదనపు లాభం కనిపించలేదు.

2016లో అదే బృందం పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించింది. ఆ తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా నిలిచినవారు బహుభాషీయుల్లో 40.5 శాతం, ఏకభాషీయుల్లో 19.6 శాతం. ఒక భాషలో మాట్లాడేటప్పుడు రెండోదాన్ని అణచిపెడుతూ, మనిషిని బట్టి మారుతూ ఉండే నిత్య కసరత్తు మెదడుకు కొంత నిల్వబలం ఇస్తుందని వారి వివరణ. ఇది అందరూ అంగీకరించిన సిద్ధాంతం కాదు. అమెరికాలో కొన్ని అధ్యయనాలకు ఈ మేలు కనిపించలేదు. కానీ నిమ్స్ ఓపీలో కూర్చునే జనాన్ని చూసినవారికి ఈ ఫలితాన్ని తేలిగ్గా తీసిపారేయాలనిపించదు.

సూరత్ తెలుగువాడు ఇంట్లో తెలుగు, సేఠ్‌తో గుజరాతీ, పక్క సాంచా ఒడియా మనిషితో హిందీ మాట్లాడతాడు. కసరత్తుకు కొదవ లేదు. కానీ రాత్రి షిఫ్టు లాక్కున్నదాన్ని రెండో భాష భర్తీ చేస్తుందని ఏ పరిశోధనా చెప్పలేదు. పిల్లల సంగతి వేరు. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషుతోపాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడిపింది. గుజరాత్ నగరంలో తెలుగు బడి అన్నది మామూలు విషయం కాదు. దాన్ని ఓట్ల లెక్కగా చూసేవారుంటారు. ఆ లెక్క ఎలా ఉన్నా, ఇంటి భాష అక్షరాల్లోకి వస్తే అది ఇంటికే పరిమితం కాదు.

భాషకూ జ్ఞాపకానికీ ఇంకో ముడి ఉంది. వయోరికా మారియన్, నైసర్ 2000లో ఓ ప్రయోగం వివరాలు ప్రచురించారు. రష్యాలో పుట్టి అమెరికా వెళ్లిన విద్యార్థులను రష్యన్‌లో అడిగితే రష్యన్ రోజుల సంగతులు, ఇంగ్లీషులో అడిగితే ఇంగ్లీషు రోజుల సంగతులు ఎక్కువగా గుర్తొచ్చాయి. జ్ఞాపకం ఏ భాషలో పడిందో ఆ భాషతో తలుపు తడితే త్వరగా తెరుచుకుంటుంది.

ఇది ఆస్పత్రిలో ఎలాంటి తేడా తెస్తుందో చూడండి. అరవై దాటిన మగ్గం కార్మికుడు దారి తప్పుతున్నాడనో, కూలి డబ్బు ఎక్కడ పెట్టాడో మరిచిపోతున్నాడనో కొడుకు సూరత్‌లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడనుకుందాం. డాక్టరు కొన్ని పదాలు చెప్పి, కాసేపాగి తిరిగి చెప్పమంటారు. ఆ పదాలు గుజరాతీవైతే పెద్దాయన తడబడటం జబ్బు వల్లనా, భాష వల్లనా? ఇలాంటి పరీక్షల కోసమే భారత వైద్య పరిశోధన మండలి మన దేశపు అవసరాలకు, చదువు లేనివారికి కూడా సరిపోయేలా ఒక పరీక్షల సంపుటి తయారుచేయించింది. దాన్ని రూపొందించిన ఐదు భాషలు హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళం. తెలుగు పరీక్ష ఉంది, గుజరాతీ లేదు. సూరత్‌లో గుజరాతీ డాక్టర్లున్నారు, తెలుగు రోగులున్నారు. ఆ తెలుగు పదాల పట్టికను పెద్దాయన ముందు చదవగలిగే మనిషిని ఆస్పత్రి పెట్టుకోవడానికి పెద్ద ఖర్చు కాదు. అప్పటిదాకా ఆ పని రాత్రి షిఫ్టు ముగించుకుని నేరుగా ఆస్పత్రికి వచ్చిన కొడుకే చేయాలి, తనే నిద్రకు తూగుతూ.