ఎర్రకన్ను పువ్వు కాకముందే

కోతల రోజులు. కళ్లంలో వడ్లు తూర్పారబడుతుంటే ఒక గింజ ఎగిరి కంట్లో పడుతుంది. పక్కనున్నావిడ చీరకొంగు మెలిపెట్టి నలక తీస్తుంది. ఇంకొకరు చనుబాలు పిండమంటారు. తెల్లారేసరికి కన్ను ఎర్రబడితే మెడికల్ షాపులో చూపు ఎలా ఉందని అడగరు, దెబ్బ తగిలిందా అని ఆరా తీయరు. చుక్కల మందు చేతిలో పెడతారు. రెండు రోజుల్లో ఎరుపు విరుగుతుంది. వారం తిరిగేసరికి నల్లగుడ్డు మీద తెల్లచుక్క తేలుతుంది. పల్లెల్లో దీన్నే పువ్వు పడటమంటారు. ఆ పువ్వు రాలేది కాదు.

ఆ సీసాలో తరచూ ఉండేది యాంటీబయాటిక్‌తో కలిపిన స్టెరాయిడ్. ఎరుపును అణచడంలో దానికి సాటి లేదు. చిక్కంతా అక్కడే. గింజతోపాటు నల్లగుడ్డు మీది గీరులోకి దిగిన బూజును అది చంపదు, దాన్ని అడ్డుకునే ఒంటి శక్తిని మాత్రం పడుకోబెడుతుంది. ఫ్యూజేరియం, ఆస్పర్‌జిల్లస్ వంటి బూజులు మన పొలాల్లో కొత్తవి కావు. ఎండాకాలం ఎలర్జీతో కళ్లు నులుముకునే పిల్లలకు ఇవే చుక్కలు నెలల తరబడి వేస్తే కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు వస్తాయి. అవి తీసిన చూపు తిరిగిరాదు.

స్టెరాయిడ్ చుక్కలు షెడ్యూల్ హెచ్ మందులు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఔషధ నియంత్రణ అధికారులు ఈ నిబంధనను కచ్చితంగా అమలు చేయాల్సిందే. అయితే షాపు తలుపు మూసినంత మాత్రాన సరిపోదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కన్ను చూసే మనిషి లేనప్పుడు కూలీ ఎక్కడికెళ్తుంది?

కంటి వైద్యానికి ఇక్కడి ప్రభుత్వాలు డబ్బు పెట్టలేదని అనలేం. తెలంగాణలో కంటి పరీక్షల శిబిరాల పథకం కంటివెలుగు 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైంది, రెండో విడత 2023 జనవరిలో ఖమ్మంలో. ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ కంటివెలుగుకు 2019 అక్టోబరు 10న అనంతపురంలో శ్రీకారం చుట్టారు. కళ్లద్దాలు అందాయి, శుక్లాలు బయటపడ్డాయి. మంచిదే. కానీ శిబిరం ఊరికి వచ్చి వెళ్లిపోయేది. నలక పడటానికి శిబిరం తేదీలు తెలియవు.

నలక పడిన కన్నును ఊళ్లోనే పరీక్షించడానికి కావలసిన సరంజామా చూస్తే నవ్వొస్తుంది: ఆరు మీటర్ల దూరంలో గోడకు తగిలించే అక్షరాల పట్టిక, నీలికాంతి టార్చి, ఫ్లోరెసిన్ కాగితపు పట్టీలు. పట్టీని తడిపి కింది రెప్పకు తాకిస్తే కన్నీరు పసుపురంగు తిరుగుతుంది. నీలికాంతి వేయగానే నల్లగుడ్డు మీది గీరు ఆకుపచ్చగా మెరుస్తుంది. శిక్షణ పొందిన స్టాఫ్ నర్సు కూడా చూసి చెప్పగలదు. నేపాల్‌లోని భక్తపూర్‌లో ఇలాగే స్థానిక కార్యకర్తలు నల్లగుడ్డు గీరుకున్న 442 మందికి క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్ మూడు రోజులు వేస్తే 96 శాతం మందికి చీము పట్టకుండా మానింది. దెబ్బ తగిలిన 18 గంటల్లోపు వచ్చినవాళ్లలో ఒక్కరికీ పుండు కాలేదు.

ఎర్రబడిన ప్రతి కన్నూ గీరుకున్నదే కాదు. 2023 వానాకాలంలో రెండు రాష్ట్రాల్లోనూ కళ్లకలక హాస్టళ్లను చుట్టేసింది. అది ఎక్కువగా వైరస్ పని, యాంటీబయాటిక్ చుక్కలకు లొంగదు. చేతులు కడుక్కోవడం, తువ్వాలు వేరు పెట్టుకోవడమే అసలు మందు. వారం, పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. నొప్పి ఎక్కువైనా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా అది కలక కాదు. ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి పంపాలి. నెల నిండని బిడ్డ కంట్లో పుసి కడితే కూడా అంతే. పిల్లాడు సున్నం ప్యాకెట్ నొక్కి కంట్లో చిమ్ముకుంటే మాత్రం బస్సు కోసం పరిగెత్తకూడదు. ముందు కనీసం అరగంట ధారగా నీళ్లు పోయాలి.

రెప్ప మీద కురుపు లేస్తే అవ్వలు అరచేతిలో వేలు రుద్ది ఆ వెచ్చదనంతో కాపడం పెడతారు. వైద్యం చెప్పేదీ అదే, కాకపోతే వేలికి బదులు గోరువెచ్చని నీటిలో తడిపిన శుభ్రమైన గుడ్డ, రోజుకు మూడు నాలుగు సార్లు. మాత్రలు అక్కర్లేదు. అరవై దాటిన మనిషికి అదే చోట గడ్డ మళ్లీ మళ్లీ వస్తున్నా, అక్కడి వెంట్రుకలు రాలిపోతున్నా కాపడంతో కాలం గడపకూడదు. రెప్పలోని తైలగ్రంథుల క్యాన్సర్ ఇలా మామూలు గడ్డ వేషంలోనే వస్తుంది.

ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలుగా మారిన ఆరోగ్య కేంద్రాలు అందించాల్సిన సేవల్లో కంటి జబ్బులు ఎప్పుడో చేరాయి. జాబితాలో ఉన్నది బల్ల మీదికి రావాలి. నవంబరులో కోతలు మొదలయ్యేలోపు ప్రతి కేంద్రానికీ పట్టిక, టార్చి, పట్టీలు, ఆయింట్‌మెంట్ చేరాలి. చూపు కొలిచి, పట్టీతో పరీక్షించకుండా ఏ ఎర్రకన్నుకూ స్టెరాయిడ్ చుక్క రాయకూడదని వైద్యశాఖ రెండు రాష్ట్రాల్లోనూ రాతపూర్వకంగా ఆదేశించాలి.