స్వదేశి కారు ఏది?

అమీరుపేట, పంజాగుట్ట వీథులలో కారు కొనఁబోవు గృహిణికిఁ గలుగు సందేహమిది: స్వదేశి బండి కొనుటయా, విదేశి బండి కొనుటయా?

పేరునుబట్టి దీనిని నిర్ణయింపరాదు. 1983లో వెలువడిన మారుతిని మనదే యనుకొంటిమి. నేఁడా సంస్థలో అధికభాగము జపాను సుజుకీ వారిది. కియా కొరియా వారిది. అయినను 2019 నుండి పెనుకొండ చెంతనున్న కర్మాగారమున మనవారి చేతులమీఁదుగాఁ దయారగుచున్నది. లాభము కడలి దాఁటినను, జీతము రాయలసీమ యిండ్లకే చేరుచున్నది. యాజమాన్యము సయితము మనదైనవి టాటా, మహీంద్రాలు. గుణము సమానమైనచో వానివైపే మొగ్గుట న్యాయమని మా యభిప్రాయము.

కాని బిడ్డల ప్రాణరక్షణ యన్నిటికంటె ముఖ్యము. బండిని ఢీకొట్టించి చూచు భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష 2023లో మొదలైనది. దుకాణములో ముందుగా నందు వచ్చిన నక్షత్రములెన్నియో యడుగుఁడు. పిమ్మట దేశమేదియో యడుగుఁడు.