పేరు మార్చిన పాపం గిట్‌ది కాదు

"ఫైల్ పేరు మారిస్తే ఏమౌతుంది, గిట్ చూసుకుంటుందిలే" అంటారు. చూసుకోదు. "గిట్ ఎంవీ" కొడితే పేరు మారిన సంగతి ఎక్కడో రాసిపెట్టుకుంటుందని నేనూ చాలా ఏళ్లు నమ్మాను. ఏమీ రాసుకోదు. పాత పేరుతో ఒకటి పోయింది, కొత్త పేరుతో ఒకటి వచ్చింది, దానికి తెలిసింది అంతే. తర్వాత మనం చరిత్ర అడిగినప్పుడు రెంటినీ పక్కపక్కన పెట్టి పోలికలు చూస్తుంది. మామూలుగా 50 శాతం కలిస్తే అదే ఇది అంటుంది. లేదంటే కొత్తగా పుట్టిందని తేల్చేస్తుంది. బారసాలకొచ్చిన చుట్టాలు పిల్లాడి ముక్కు చూసి ఎవరి పోలికో చెప్పినట్టు!

2005లో లైనస్ టోర్వాల్డ్స్ కావాలనే ఇలా కట్టాడు. పేర్లు కాదు, లోపలున్నది ముఖ్యం అన్నది ఆయన వాదన. తప్పనను. పేరుమార్పుని నమోదు చేసే మెర్క్యురియల్‌లోనైనా, మనిషి ఆ కమాండ్ మర్చిపోతే నమోదెక్కడిది?

నా కోపం మనమీద. పేరు మార్చిన చేత్తోనే లోపలంతా దిద్దేసి ఒకే కమిట్ చేస్తాం. ఎవరైనా బుద్ధిగా విడివిడిగా చేసినా, "చరిత్ర శుభ్రంగా ఉండాలి" అంటూ స్క్వాష్ చేసి కలిపేస్తాం. ఏం శుభ్రం అది?

మూడేళ్ల క్రితం నేనూ అదే చేశాను. బిల్లింగ్ ఫైల్‌కి మంచి పేరు పెట్టి, ఇండెంటేషన్ సర్ది, ఫంక్షన్లు విడగొట్టి ఒకే కమిట్లో తోసేశాను. బ్లేమ్ చూస్తే ఇక ప్రతి లైనూ నాదే. ఆర్నెల్లకి, కొత్తగా చేరిన అమ్మాయి "పన్నుని ముందే రౌండ్ చేసి తర్వాత కూడారెందుకు సర్?" అనడిగింది. రాసింది నేను కాదుగా, తెలీలేదు. తీసేయమన్నాను. నెలాఖరుకి ఇన్‌వాయిస్‌లన్నీ పైసల్లో తేడా. పాత పేరుతో వెతికితే దొరికింది: ఎప్పుడో మానేసి వెళ్లిపోయిన సీనియర్, కమిట్ మెసేజ్‌లో నాలుగు వాక్యాల్లో కారణమంతా రాశాడు. అది చెరిగిపోలేదు. అక్కడికెళ్లే దారి నేను తెంపాను. (కథ పేరు మార్చి, మధ్యలో దిద్ది, మొదట ఎక్కడ అచ్చయిందో చెప్పకుండా సంపుటంలో వేసుకునే రచయితల్ని సమీక్షల్లో చీల్చి చెండాడేవాణ్ణి కూడా నేనే.)

పెద్ద విద్యేం కాదు. మొదటి కమిట్లో పేరొక్కటే మార్చాలి, లోపల అక్షరం ముట్టుకోకూడదు. అప్పుడు హ్యాష్ ఒకటే ఉంటుంది, పోలికల గొడవే లేదు. దిద్దుబాట్లు రెండో కమిట్లో.

మా టీమ్‌లో ఇప్పటికీ స్క్వాష్ తప్పనిసరి. అందుకని పేరుమార్పుల్ని విడిగా రివ్యూకి పెడుతున్నాను. "ఇందులో ఏమీ మారలేదు కదా?" అని ప్రతిసారీ ఎవరో ఒకరు కామెంట్ పెడతారు. అవును, మారలేదు. అందుకే పెట్టాను.