షఫుల్ ఆపి వినాల్సిన ఆల్బమ్

ర్యాప్ అంటే మనవాళ్ళలో చాలామందికి బంగారు గొలుసులు, ఖరీదైన కార్లు, బూతులు, "నా అంత మొనగాడు లేడు" అనే గొప్పలు. అందులో నిజం లేకపోలేదు. కానీ తన మీద తనే కేసు పెట్టుకున్న ర్యాపర్ కూడా ఉన్నాడండీ... కెండ్రిక్ లామార్. 2015 మార్చిలో వచ్చిన 'టు పింప్ ఎ బటర్‌ఫ్లై' ఆ కేసు ఫైలే.

కాలిఫోర్నియాలోని కాంప్టన్‌లో పెరిగిన కుర్రాడు. 2012లో వచ్చిన ఆల్బమ్‌తో బోలెడు పేరూ డబ్బూ వచ్చాయి. మరి అక్కడే మిగిలిపోయినవాళ్ళ సంగతేంటి? ఈ ఆల్బమంతా ఆ ప్రశ్నే.

ఆరో పాట పేరు 'యు'. ఆ 'నువ్వు' తనే. హోటల్ గదిలో తాగి, ఏడుస్తూ, తనని తనే తిట్టుకుంటాడు. స్నేహితుడు ఆసుపత్రిలో ఉంటే వెళ్ళకుండా ఫేస్‌టైమ్‌లో పలకరించి ఊరుకున్నావు, వాడేమో పోయాడు, అని. ఇంటికి దూరంగా ఉద్యోగాలు చేసే మనకి ఈ మాట ఎక్కడ తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఏడో పాట 'ఆల్‌రైట్'. 2015 జులైలో క్లీవ్‌లాండ్‌లో పోలీసుల తీరుకి నిరసనగా నల్లజాతి ఉద్యమకారులు గొంతెత్తి పాడింది దీన్నే. చాలామంది ఈ ఒక్క పాటే విని ఊరుకుంటారు. నా గొడవల్లా ఇక్కడే! ఆరోది వినకుండా ఏడోది వింటే అది ఉత్త నినాదం. తన లోపల ఉన్నదంతా కక్కేసినవాడు చెబుతున్నాడు కాబట్టే ఆ ధైర్యానికి అంత బరువు.

పాటల మధ్యలో ఒక కవిత కొంచెం కొంచెంగా పెరుగుతూ వస్తుంది. అది 1996లో హత్యకి గురైన టూపాక్‌కి చదివి వినిపిస్తున్నాడని చివర్లో గానీ తెలీదు. టూపాక్ 1994లో ఇచ్చిన ఇంటర్వ్యూలోని మాటల్నే జవాబులుగా అతికించాడు. ఆఖరి ప్రశ్నకి మాత్రం జవాబు రాదు. నిశ్శబ్దం, అంతే. ఆ ప్రశ్న ఇక మనదే.

దీనికి 2016లో ఉత్తమ ర్యాప్ ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది. 2017 నాటి 'డ్యామ్' ఆల్బమ్‌కి 2018లో పులిట్జర్ కూడా వచ్చింది. శాస్త్రీయ సంగీతం, జాజ్ కాని దానికి ఆ బహుమతి దక్కడం అదే మొదలు. అయినా అవార్డుల కన్నా నాకు ముఖ్యమనిపించేది ఇంకోటి. గెలిచినవాడు గెలుపు గురించే కాదు, ఆ గెలుపులో తను ఎవరికి బాకీ పడ్డాడో కూడా పాడొచ్చని చూపించాడు.

దాదాపు 79 నిమిషాలు. వరసగా వినండి. మధ్యలో ఆపేసి ఎవరికైనా ఫోన్ చెయ్యాలనిపిస్తే చేసేయండి, మిగతాది తర్వాత వినొచ్చు.