బొమ్మకు పడిన దెబ్బ

మొన్న ఒక ఆదివారం కాలేజీ పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాను. పక్కగదిలోనుంచి "ఇంకోసారి చేస్తావా? చేస్తావా?" అన్న గద్దింపూ, దానివెంట టపటపమని దెబ్బలూ వినిపించాయి. తొంగి చూద్దును కదా, మా నాలుగేళ్ళ అమ్మాయి బట్టబొమ్మను స్కేలుతో బాదుతోంది! ఆ మాటలూ, ఆ పళ్ళు కొరకడమూ అచ్చంగా నావే. పేపర్లమీద నీళ్ళు ఒలికించిందని అంతకు రెండు రోజులముందే దాని వీపుమీద ఒకటి వేసి ఉన్నాను.

"మొక్కై వంగనిది మానై వంగునా" అన్నారు పెద్దలు. నిజమే. కాని తీగను పందిరికి దారంతో కట్టి మళ్ళిస్తారుగాని, కర్రతో కొట్టి మళ్ళించరు కదా!

యూనిసెఫ్ 2024లో చెప్పిన లెక్కప్రకారం, ప్రపంచంలో ఐదేళ్ళలోపు పిల్లలు సుమారు 40 కోట్లమంది ఇళ్ళల్లో తరచు తిట్లో, దెబ్బలో తింటున్నారు. అంటే పదిమందిలో ఆరుగురు. మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో బెత్తాన్ని నిషేధించింది. ఇంట్లో చెయ్యి ఆపుకోవలసినది మనమే.

ఆ సాయంత్రం మా ఆవిడ తన ఫోను నా చేతిలో పెట్టి, "పేపర్లు తర్వాత దిద్దుకుందురుగాని, ముందు ఇది చదవండి" అంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్, కొన్ని విశ్వవిద్యాలయాలూ కలిసి తల్లిదండ్రులకోసం తయారుచేసిన సలహాలు అవి. దక్షిణాఫ్రికాలో తల్లులను వారంవారం కూర్చోబెట్టి నేర్పిన పాఠాలు, 2020లో కరోనావల్ల గుమిగూడే వీలులేక ఫోనులోకి ఎక్కాయట.

అందులో ఉన్నవి చిన్న సంగతులే. రోజూ కాసేపు బిడ్డతో కూర్చోండి. ఏ ఆటో బిడ్డనే ఎంచుకోనివ్వండి. "ఒలకబోయకు" అనేకంటె "గ్లాసు రెండుచేతులా పట్టుకో" అనండి. మంచిపని చేస్తే మెచ్చుకోండి. కోపం వస్తే పది సెకన్లు ఆగి, ఐదుసార్లు మెల్లగా ఊపిరి పీల్చి వదలండి.

ఫోను చూస్తూ బిడ్డను పట్టించుకోనివారికి ఫోనే బుద్ధి చెప్పడం వింతే. పైగా అది సలహా చెప్పగలదుగాని, లేచిన చేతిని పట్టుకోలేదు.

అయినా ప్రయత్నించాను. మళ్ళీ నీళ్ళు ఒలికాయి. నాలుగో ఊపిరికి అమ్మాయే గుడ్డ తెచ్చి తుడిచింది.

బొమ్మ సంగతి ఏమైందంటారా? నిన్న కూడా స్కేలు ఎత్తింది. ఎత్తి, ఆగి, బుగ్గలు పొంగించి అయిదుసార్లు ఊపిరి వదిలింది. ఆ తర్వాత కొట్టిందనుకోండి. కాని ఒక్క దెబ్బే!